రాకెట్ పిడికి అంటిన కారం

మా క్లబ్బులో స్క్వాష్ ఆడే గది ఒక్కటే ఉంది. సాయంత్రాలు కుర్రాళ్ళు దాన్ని వదలరు కాబట్టి మా ఆడవాళ్ళకి పొద్దుటిపూటే దిక్కు. మా ఆయన అక్కను, అంటే మా వదినను, అక్కడికి లాక్కెళ్ళింది నేనే. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, ఇక ఆడుకోవచ్చని డాక్టరు చెప్పాడు. అయినా ఆవిడ మెట్లు దిగడానికి కూడా భయపడేది. రెండో కంటికి ఇంకా చేయించాలి. స్క్వాష్ బంతి మరీ చిన్నదని, కాస్త పెద్ద బంతితో ఆడే రాకెట్‌బాల్ మొదలుపెట్టాం. గోడకేసి కొట్టడమే కదా, గోడ నవ్వదులెండి అని నచ్చజెప్పాను. నెల తిరగకముందే ఆవిడ నన్ను ఈ మూల నుంచి ఆ మూలకి పరిగెత్తించసాగింది.

ఈ వేసవిలో ఏడాదికి సరిపడా కారం పట్టించే పని పెట్టుకుని, ఒకరోజు పొద్దున్నే డాబా మీద మిరపకాయల తొడిమలు తీశాను. "చేతులకి నూనె రాసుకున్నావా?" అని వదిన ఫోనులో అడిగింది. "గుంటూరులో పుట్టినదానికి కారం గురించి చెప్పాలా వదినా" అన్నాను. రాసుకోలేదు. ఆవిడ రాకెట్ పిడికి టేపు ఊడిపోయిందని ముందురోజు మా ఇంట్లో వదిలి వెళ్ళింది. చేతులు సబ్బుతో కడుక్కుని, కొత్త టేపు బిగించి చుట్టాను. ఉత్త సబ్బుకి మిరపకాయ లొంగదని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఆ పూటే ఆట మధ్యలో చెమటకి ఆవిడ కళ్ళద్దాలు మసకేశాయి. అద్దాలు పైకెత్తి అరచేత్తో కన్ను తుడుచుకుంది. ఆపరేషన్ అయిన కన్నే. వెంటనే గోడకి జారగిలబడి కూర్చుంది.

"అమ్మాయ్, కన్ను మండిపోతందే. ఏమీ కనపడట్లా."

నీళ్ళు పోసి కడిగాను. చెమటకి తడిసిన ఆవిడ రాకెట్ తీసి పక్కన పెట్టి, కంగారులో మూతి తుడుచుకున్నాను. పెదవి చుర్రుమంది. సంగతి నాకప్పుడే తెలిసిపోయింది.

వదినకి మాత్రం చెప్పలేదు. ఫోనులో కోసిన కోతలు గుర్తొచ్చాయి. చుట్టాలందరిలో ఆవిడ నన్ను ఏడిపిస్తుందని రోషం. అంతకుమించి కారణం లేదు, సిగ్గుగా ఉంది చెప్పడానికి. ఆస్పత్రిలో డాక్టరు కంట్లో ఏం పడిందని అడిగితే, ఏమీ పడలేదండి, ఊరికే మండింది అని వదిన చెప్పింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. కన్ను బాగానే ఉంది, భయం లేదని ఆయన పంపించేశాడు.

వదిన నమ్మలేదు. "ఏమీ పడకుండా ఎందుకు మండుద్ది? లోపల పెట్టిన లెన్సే తేడా చేసుంటది" అంది. ఆట మానేసింది. రెండో కంటి ఆపరేషన్ వద్దంటే వద్దంది. రోజూ గోడ మీది కాలెండరు ముందు నిలబడి ఒక కన్ను మూసి, ఇంకో కన్నుతో అంకెలు చదువుకునేది. నేను పక్కన నిలబడి, ఏమీ కాదు వదినా అనేదాన్ని. ఎవరైనా కారం మాట ఎత్తితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని.

నిన్న వెళ్ళి అంతా చెప్పేశాను. తిట్టించుకుందామనే వెళ్ళాను.

"కారానిదేముందే, కడిగితే పోయింది" అంది ఆవిడ. "గుడ్డిదాన్నయిపోతానని నేను ఏడుస్తుంటే, అంతా తెలిసీ పక్కన నిలబడి ధైర్యం చెప్పావు చూడు, అదే పోదు."

"తప్పయిపోయింది వదినా."

"ఆపరేషన్‌కి వెళ్తాలే. తోడుకి తమ్ముణ్ణి రమ్మను. నువ్వు వద్దు."

మొదటి కంటికి చేసిన రోజు, లోపలికి పిలిచేదాకా ఆవిడ వదలకుండా పట్టుకు కూర్చున్నది నా చేతినే.