అరుణమ్మ పెళ్లినాటి ఆది జాకెట్టు

అరుణమ్మక్క పూర్తిగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. చిట్కుల్‌లో కంపెనీ బస్సెక్కితే బొల్లారం దాకా సీటు అంచునే ఉంటుంది. గేటు కనపడకముందే లేచి డ్రైవర్ వెనక నిలబడుతుంది, తను తొయ్యకపోతే బస్సు లోపలికి పోదన్నట్టు. ఇంట్లో అన్నం కూడా పొయ్యికీ గడపకీ మధ్య తిరుగుతూనే తింటుంది. ముప్పై ఆరేళ్లు, ముగ్గురు పిల్లలు, మందుల పొడిని డ్రమ్ములకెత్తే ప్యాకింగ్ సెక్షన్‌లో ఉద్యోగం. నాది ఆమె పక్క టేబులు, ఆమె పక్కిల్లు.

మా సెక్షన్‌లోకి వెళ్లాలంటే ఇంటి బట్టలు విప్పి కంపెనీ గౌను తొడగాలి. ఆడవాళ్లందరికీ ఒకటే గది. మేమంతా ముచ్చట్లు చెప్పుకుంటూ మార్చుకుంటాం. అరుణమ్మక్క మాత్రం గోడకి తిరిగి, ముందు గౌనుని తలమీదుగా దించుకుని, దాని లోపల్నుంచి చీర, జాకెట్టు ఒక్కొక్కటే బయటికి లాగేది. సంతలో గారడీవాడు నోట్లోంచి రిబ్బన్లు తీసినట్టే. నేను చప్పట్లు కొట్టేదాన్ని. మొదట్లో ఆమె కూడా నవ్వేది. 2003 ఎండాకాలానికి నవ్వడం మానేసింది.

"పోరీ, నాతోని హైదరాబాద్ వస్తవా? దవఖానకి," అంది ఒకరోజు బస్సులో.

"ఏమైందక్కా?"

"ఏం కాలె. జారినయి." కొంగు లాక్కుంది. "చిన్నోడు నాలుగేండ్లు పాలు తాగిండు గదా. మల్ల పైకి లేపే ఆపరేషన్ ఉన్నదట, టీవీల చెప్పిండ్రు. షట్‌డౌన్‌ల చేపిచ్చుకుంట."

ఏడాదికోసారి మెషీన్లన్నీ విప్పి బాగుచేసే ఆ షట్‌డౌనే మాకు దొరికే పెద్ద సెలవు. అందులో పని కానిచ్చేస్తే గదిలో ఎవరికీ తెలీదని ఆమె ఆలోచన. ఆ సెలవు దాటిపోతే మళ్లీ ఏడాది పొడుగునా గోడకి తిరగడమే.

వాళ్లాయన పెంటయ్య బావ బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. "ఎవరు సూస్తరని నీకింత పరేషాన్?" అన్నాడు.

"నేను సూస్కుంట రోజు. నేను మనిషిని గాదా?"

బావ పైసల మాట ఎత్తబోయాడు గానీ, అక్క అవ్వగారింటి మెట్ట చెలక ప్లాట్ల కింద అమ్ముడుపోయినప్పుడు ఆమెకొచ్చిన వాటా ఉంది కాబట్టి అదీ సాగలేదు.

దవఖానకి పోయే దారంతా అరుణమ్మక్క ఒక ప్లాస్టిక్ కవరుని ఒళ్లోంచి సంకలోకి, సంకలోంచి ఒళ్లోకి మారుస్తూనే ఉంది. డాక్టరమ్మ ఎదురుగా కూర్చోగానే దాన్ని టేబుల్ మీద పెట్టి విప్పింది. నెమలికంఠం రంగు జాకెట్టు.

"గిది నా ఆది జాకెట్టు మేడం. నా పెండ్లిది. దీనికి సరిపోయేటట్టు చెయ్యుండ్రి."

మా దగ్గర టైలరుకి ఒళ్లు కొలవనివ్వరు. సరిపోయే పాత జాకెట్టొకటి ఆదికిస్తారు, దాన్ని చూసి కొత్తవి కుడతారు. కానీ డాక్టరుకి ఆది ఇచ్చినవాళ్లని అప్పటిదాకా నేను చూడలేదు. చున్నీ నోట్లో కుక్కుకున్నాను.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇది ఇప్పుడు మీకు సరిపోతుందా?"

"తొడుగుత లేను గాని, ఇప్పటికీ దీని మీదనే కుట్టిపిస్త. అన్నీ మంచిగనే పడతయి."

లోపల పరీక్ష చేసి వచ్చేటప్పుడు అరుణమ్మక్క విప్పిన జాకెట్టు డాక్టరమ్మ చేతిలో ఉంది. రెండూ పక్కపక్కన పరిచింది. కొత్తదాంట్లో టక్కుల మొన నాలుగు వేళ్లు కిందికి ఉంది.

"మీ టైలర్ ఈ ఆదిని పక్కన పెట్టేసి చాలా ఏళ్లయినట్టుందే," అంది.

అరుణమ్మక్క మొహం డ్రమ్ములో పొడిలా తెల్లబడింది. నా నవ్వు ఎటో పోయింది.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. "ఎక్కువైన చర్మం తీసేసి, మిగతాది బిగించి, మొనని పైకి జరుపుతాం. ఖాళీ అయినదాన్ని మాత్రం ఇది నింపదు. పెళ్లినాటివి తిరిగి రావు."

"బరువు తగ్గుతదా మేడం?"

"పెద్దగా తగ్గదు. తగ్గించేది వేరే ఆపరేషన్."

"గీతలు పడతయా?"

"పడతాయి. మొన చుట్టూ, అక్కణ్నుంచి కిందికి. రంగు తగ్గుతుంది గానీ పూర్తిగా పోవు. స్పర్శ తగ్గొచ్చు, పుండు చీము పట్టొచ్చు, వయసుతో మళ్లీ కొంత జారతాయి కూడా. ఇంకా పిల్లలు కావాలంటే ఇప్పుడొద్దంటాను."

"పిల్లల ఆపరేషన్ ఎప్పుడో అయింది."

"అయితే ముందు గడ్డలేమీ లేవని పరీక్ష చేయిద్దాం. ఆలోచించుకుని రండి."

ఆలోచించుకోవడానికి ఆమె ఇంటికి పోలేదు. బస్సు దిగి సరాసరి మా టైలరు హైమావతి దుకాణంలోకి దూసుకుపోయింది. హైమావతి కోస్తా మనిషి. భర్తకి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చి, మిషనుతో సహా దిగిపోయింది.

"హైమక్కా! గిన్నేండ్ల సంది నన్ను పిచ్చిదాన్ని చేస్తివా?"

హైమావతి పెడలు మీంచి కాలు తీసింది. "కూర్చో అమ్మాయ్."

"కూసోను!"

"నువ్వు కూర్చోవని నాకు తెలుసులే. ఆది ప్రకారం కుట్టుంటే మూడోవాడు పుట్టినప్పుడే నీకు గొడవయ్యేది. టక్కు కొంచెం దించి కుట్టేదాన్ని. నువ్వు అద్దంలో చూసుకుని, ఇంకా పెళ్లికూతుర్నే అనుకుని మురిసిపోయేదానివి. ఆ మాట నీతో ఏ నోటితో చెప్పేది?"

అరుణమ్మక్క రోడ్డు మీదికి పోయింది. మళ్లీ లోపలికొచ్చింది. డాక్టరమ్మ గీసిన బొమ్మని మిషను మీద పెట్టింది. "గిట్ల కోసి కుడితె ఎట్లుంటదో సూపియ్యి."

హైమావతి గుడ్డపేలిక తీసుకుని, సుద్దతో గీసి, ముక్క కోసేసి, అంచులు కలిపి కుట్టి ఇస్త్రీ చేసింది. "బిగువొచ్చింది చూడు. కుట్టు మాత్రం కనపడుతూనే ఉంటుంది. ఇస్త్రీకి పోదు."

అరుణమ్మక్క ఆ కుట్టు మీద వేలితో పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది.

"అక్కా, ఇక్కడనే చేపిచ్చుకోరాదు? ఫాల్ కూడా ఏస్తది," అన్నాను నేను.

చెప్పు తీసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పొద్దుట్నుంచి నా వైపు చూడటం అదే మొదలు.

"గీతలుంటె ఉండనీ," అంది చివరికి. "పొట్ట మీద లేవా? నాకు ఆ గోడను సూడబుద్ధయితలేదు."

పరీక్షలో గడ్డలేమీ లేవు. షట్‌డౌన్‌లో ఆపరేషన్ అయింది. పెంటయ్య బావ దవఖాన మెట్ల మీద బీడీ కాల్చుకోకుండా పట్టుకు కూర్చున్నాడు. అడిగిన వాళ్లకి అపెండిక్స్ అని చెప్పాడు, అదీ ఎడమవైపు చూపించి.

కొన్ని సెలవులు కలుపుకున్నా, చేతులు పైకెత్తొద్దన్న గడువు తీరకముందే అరుణమ్మక్క డ్యూటీకి వచ్చేసింది. ఇంట్లో నడవటానికి చోటు చాలట్లేదట. డ్రమ్ముల దగ్గర కాకుండా లేబుళ్ల టేబుల్ దగ్గర వేయించుకుంది. అన్నీ ఆలోచించుకుంది, ఒక్కటి తప్ప. మార్చుకునే గదిలో అలవాటుగా గోడకి తిరిగి గౌను ఎత్తబోయింది. చేతులు భుజాల దగ్గరే ఆగిపోయాయి. చేతులెత్తకుండా ఆ గారడీ సాగదు.

మా అందరిలోకీ పెద్దది, నోరు కూడా పెద్దది మొగులమ్మ. "ఏందే, ఇయ్యాల తమాషా లేదా?" అంది.

అరుణమ్మక్క గోడని వదిలి మా వైపు తిరిగింది. "చేతులు లేస్తలేవు. ఎవరన్న గౌను పట్టుండ్రి," అని జాకెట్టు హుక్కులు తీసింది.

ఎర్రటి గీతలు. మొగులమ్మ గౌను పట్టుకుని దగ్గరికొచ్చింది.

"అయ్యో బిడ్డా, ఎవరు కోసిండ్రే నిన్ను?"

"నేనే కోపిచ్చుకున్న. జారినయని."

"జారితె కోస్తరా?" మొగులమ్మ తనని తాను కిందికీ మీదికీ చూసుకుంది. "గట్లయితె నాయి ఏడికెల్లి మొదలువెట్టాలె?"

గదంతా పగలబడింది. అరుణమ్మక్క రెండు చేతులూ గుండెకి అడ్డం పెట్టుకుని, "నవ్వియ్యకే, గుంజుతున్నది!" అని అరుస్తూనే నవ్వింది. ఇక అందరూ మీదపడ్డారు. నొస్తదా? మత్తిస్తరా? మల్ల జారవా? డాక్టరమ్మ చెప్పినవన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పింది, మళ్లీ జారతాయన్నది కూడా.

మొగులమ్మ ముందు చేతులు దూర్చి, తర్వాత తల దూర్చి, చంటిదానికి తొడిగినట్టు గౌను తొడిగింది.

"మరి పెండ్లి జాకెట్టు?" అన్నాను.

"దానితోని పెద్దోడు సైకిల్ తుడుస్తుండు. వాపు తగ్గినంక హైమక్క టేపు వెట్టి కొత్త ఆది కుడ్తదట."

"కొలిచేదాక కదలకుంట నిలవడ్తవా నువ్వు?"

సైరన్ మోగింది. అరుణమ్మక్క అప్పటికే తలుపు దాటింది. గౌను వెనక తాళ్లు రెండూ గాలికి ఎగురుతున్నాయి. వాటి వెనకాల మొగులమ్మ, "ఆగవే, ముడెయ్యనియ్యవే!" అని పరిగెత్తుతోంది.