వచ్చే మోడల్ మామగారు

బండి రానంతకాలం అంత మంచి బండి లోకంలో లేదు; వచ్చిన మరుక్షణం అంత పనికిమాలిన బండీ లోకంలో లేదు. ఇనుప గేట్లు చేసే ఆ పెద్దాయన తత్వాన్ని ఒక్క ముక్కలో చెప్పమంటే ఇంతే. ప్రతిసారీ ‘వచ్చే మోడల్ చూద్దాంలే’ అనేవారు కనుక వీధి వీధంతా ఆయనను ‘వచ్చే మోడల్ గారు’ అని పిలిచేది. ఆ పిలుపుకు ఆయన నొచ్చుకోలేదు సరికదా, దుకాణం బోర్డు మీద బ్రాకెట్లో రాయిద్దామా అని కోడలిని అడిగారు కూడా.

కోడలు ఆ మాటకు నవ్వలేదు. పెళ్లయి వచ్చిన మూడో నెల నుంచీ దుకాణంలో కొలతలు తీసేదీ, నమూనాలు గీసేదీ ఆమే. కొలత అంటే ఆమెకు కొలతే. అర అంగుళం తేడా వస్తే గేటు మూసుకోదు, ఆమెకు అన్నం సహించదు. అలాంటి మనిషికి ఆరేళ్లుగా ఒక్క బండి విషయం తేల్చుకోలేని మామగారు దొరకడం విధి ఆమె మీద పెట్టిన అక్రమ కేసు కాక మరేమిటి?

ఆయన కోరుకున్నది బరువులు మోసే పెద్ద పికప్ ట్రక్కు. తయారయ్యేవి తక్కువ, కావలసినవాళ్లు ఎక్కువ. అందుకని షోరూంలో పేరు రాయించుకుని వంతు కోసం కాచుకోవాలి. వంతు వచ్చిన మూడు రోజుల్లో బండి తీసుకోవాలి. వద్దనుకుంటే జాబితాలో వెనక ఉన్నవాళ్లలో ఎవరికైనా ఆ వంతు రాసిచ్చి, తాను మళ్లీ చివరికి పోవాలి. రాసిచ్చే కాగితంలో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. ఆరేళ్లలో మామగారు ఆ గడిని మూడుసార్లు నింపారు.

మొదటిసారి బండి వచ్చినప్పుడు సీట్లో కూర్చున్నారు, లేచారు, మళ్లీ కూర్చున్నారు. “ఇందులో కూర్చుంటే నా నడుము నాది కాదనిపిస్తోంది” అని దిగిపోయారు.

రెండోసారి హారన్ కొట్టి చూసి, చెవిలో వేలు తిప్పుకున్నారు. “అచ్చం మీ తమ్ముడు గుమ్మంలో నిలబడి పిలిచినట్టుంది. రోజూ వినమంటే నా వల్ల కాదు” అన్నారు. అత్తగారు ఆయనతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజున మాట్లాడింది. ఆ మాటలు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

మూడోసారి తలుపు దగ్గర పేచీ వచ్చింది. “మరీ మెత్తగా పడుతోందమ్మా. వేశానో లేదో తెలియక రోజంతా దిగులు.”

“తలుపు చప్పుడు చేయకపోవడం కూడా లోపమేనా మామయ్యగారూ?” అంది కోడలు.

“చప్పుడు చేయని తలుపునీ, మాట్లాడని మనిషినీ నేను నమ్మను.”

ఆ బండి వీధుల్లో మంచినీళ్లు సరఫరా చేసే ఆయనకు పోయింది. ఆయన రోజూ దానిమీదే దుకాణం ముందు నుంచి వెళుతూ, “ఏమండోయ్ వచ్చే మోడల్ గారూ, తలుపు భలేగా పడుతోందండీ” అని కేకేసేవాడు. మామగారు చేయి ఊపేవారు. కోడలు మాత్రం చేతిలోని కొలత టేపును విసురుగా లోపలికి లాగేది.

ఇంత నిరాశలోనూ ఆయన ఒక నియమం తప్పలేదు. ప్రతి గురువారం పది గంటలకల్లా షోరూంకు వెళ్లి, వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీల్లో మధ్య కుర్చీ పట్టుకుని, మధ్యాహ్నం దాకా అక్కడే ఉండేవారు. ఆర్డర్లు రాసుకునే అమ్మాయి ఆయన కోసం ఒక కాఫీ కప్పు విడిగా పెట్టింది.

“అంతసేపు ఏం చేస్తారండీ అక్కడ?” అని అత్తగారు అడిగితే, “ఎదురుచూస్తాను” అనేవారు.

“ఆ ఎదురుచూపేదో ఇంట్లో కూర్చుని చూడొచ్చు కదా.”

“ఇంట్లో ఊపు రాదే.”

ఇలా ఉండగా, ఆ బండిని తలనుంచి తోకదాకా మార్చి కొత్తగా దింపుతున్నామని కంపెనీవాళ్లు ప్రకటించారు. మామగారికి జ్వరం ఒక్కటే తక్కువ. రంగుల కాగితాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నారు. భోజనాల దగ్గర కంచం పక్కన పరిచారు. ఆర్డరు కాగితం నింపడానికి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, వెనక తొట్టి పొడవు దగ్గరనుంచి అద్దాల వంపు దాకా ఒక్కొక్క గడికీ అభిప్రాయ సేకరణ జరిపారు. రంగు దగ్గర మూడు గంటలు పట్టింది. చివరికి బూడిద రంగు ఖాయం చేసి, “దుమ్ము పడినా తెలియదు, కడిగినా తెలియదు” అని తీర్పు చెప్పారు.

ఆ నెలలోనే, ఇన్నాళ్లూ దుకాణం గేట్లు మోస్తున్న పాత బండిని తనిఖీకి తీసుకువెళ్లారు. అధికారి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, “ఇది నడుస్తోందా, మీరు నడిపిస్తున్నారా?” అని అడిగాడు.

“ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని నడుస్తున్నామండీ” అన్నారు మామగారు.

అధికారి నవ్వాడు. నవ్వుతూనే, నెలాఖరు తరువాత ఈ బండి రోడ్డెక్కకూడదని రాసిచ్చాడు.

సరిగ్గా అప్పుడే, పిల్లల హాస్టళ్లు నడిపే ఒక సంఘంవాళ్లు ఇరవై రెండు హాస్టళ్లకు గేట్లు, కిటికీ చట్రాలు కావాలని అడిగారు. దుకాణంలో ఉన్న నలుగురు పనివాళ్లకూ ఏడాది పొడవునా చేతినిండా పని. షరతు ఒక్కటే: ఒకటో తేదీకి దుకాణం పేరుమీద బండి కాగితం చూపించాలి. అద్దె బండ్లను నమ్ముకుని ఇదివరకు వాళ్లు రెండుసార్లు దెబ్బతిన్నారట. బండి లేకపోతే పని వేరే దుకాణానికి పోతుంది. ఇద్దరు పనివాళ్లను ఇంటికి పంపక తప్పదు. ఎవరిని పంపాలో అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా కోడలి చేతిలో పెన్సిల్ ఆగిపోయేది.

ఇరవై ఐదో తేదీ గురువారం నాడు వంతు వచ్చిందని కబురందింది. అత్తగారు, మామగారు, కోడలు ముగ్గురూ వెళ్లారు. బండి వానకు తడిసిన ఏనుగులా నిలబడి ఉంది. మామగారు సీట్లో కూర్చున్నారు, నడుము ఆయనదిగానే ఉంది. హారన్ మోగించారు, ఏ బంధువూ గుర్తుకు రాలేదు. తలుపు పడితే దణ్ మంది. కోడలు వెనక తొట్టి కొలిచింది. ఎంత పెద్ద గేటైనా పడుకుని, ఇంకా జానెడు చోటు మిగులుతుంది. శనివారం పొద్దున్నే తీసుకుందామనుకుని సంతోషంగా ఇంటికి వచ్చారు.

శనివారం మామగారు ఒక్కరే వెళ్లి, పాత బండిమీదే తిరిగి వచ్చారు.

“దాని మొహం నాకు నచ్చలేదమ్మా” అన్నారు చెప్పులు విప్పుతూ.

“మొహమా?”

“ఆ హెడ్‌లైట్లు చూశావూ? తప్పిన సబ్జెక్టు పేరు చదవబోతున్న మాస్టారిలా చూస్తున్నాయి. సాయంత్రం వెళ్లి కాగితం రాసిచ్చేస్తాను.”

అత్తగారు గరిట పట్టుకుని వంటగదిలోంచి వచ్చింది. ఆ గరిటను ఆయన చేతిలో పెట్టి, వెళ్లి అరుగుమీద కూర్చుంది. కోడలు మాత్రం హాస్టళ్ల కాగితాలు సంచీలో పడేసుకుని, ఆ వంతును ఎలాగైనా ఆపాలన్న పంతంతో నేరుగా షోరూంకు బయలుదేరింది.

“వద్దనడానికి ఆయనకు హక్కుంటే, ఎందుకని అడగడానికి మాకూ హక్కుంది” అంది ఆర్డర్ల అమ్మాయితో. “ఇంతకుముందు ఆయన రాసిన కాగితాలు మూడూ తియ్యి.”

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసింది. “మీకు చెప్పొద్దన్నారు అక్కా. చెబితే నేనిచ్చే కాఫీకి కూడా వంక పెడతానన్నారు.”

“ఏం చెప్పొద్దన్నారు?”

అమ్మాయి కాగితాలు బల్లమీద పరిచింది. మొదటి వంతు పాలు సేకరించే మనిషికి వెళ్లింది. వారం ముందే అతని బండి కాలువలో పడిపోయింది. రెండోది ఇళ్ల సామాన్లు మార్చే అన్నదమ్ములకు. ఉన్న ఒక్క బండీ కాలిపోయింది వాళ్లకు. మూడోది మంచినీళ్లాయనకు, ఇంజను పట్టేసి రెండు వీధులకు నీళ్లు ఆగిపోయిన వారమది.

“గురువారం గురువారం ఇక్కడ కూర్చునేది బండి కోసం కాదక్కా. పక్కన కూర్చున్నవాళ్లను కబుర్లలో పెట్టి, ఎవరికి ఎంత అవసరమో కనుక్కుంటారు. తన వంతు రాగానే బండిలో ఏదో వంక పెట్టి, ‘ఈ దరిద్రాన్ని నా నెత్తిమీంచి దించి పుణ్యం కట్టుకోండి’ అని బతిమాలి ఇచ్చేస్తారు. తీసుకున్నవాళ్లు తామే ఆయనకు సాయం చేశామనుకుంటారు.”

కోడలికి మంచినీళ్లాయన కేకలు గుర్తొచ్చాయి. తను విసురుగా లాగిన టేపు కూడా గుర్తొచ్చింది.

“ఈసారి ఎవరికి?”

అమ్మాయి కుర్చీల వైపు చూపించింది. అక్కడ నలభై ఐదేళ్ల ఆవిడ ఒకరు, చేతులనిండా చిన్న చిన్న కుట్టిన మచ్చలతో కూర్చుని ఉంది. తేనెటీగలు పెంచుతుందట. రెండు వందల పెట్టెలు. ఉన్నచోట పూలు అయిపోయాయి. వారంలో పూలున్న వైపు మార్చకపోతే ఈగలు ఆకలితో చచ్చిపోతాయి.

“పాపం, పెద్దాయనకు హెడ్‌లైట్లు నచ్చలేదటమ్మా” అంది ఆవిడ జాలిగా. “ఆయన బాధ చూడలేక ఒప్పుకున్నాను.”

కోడలు ఆవిడ పక్కన కూర్చుంది. వంతు ఆపడానికి వచ్చిన మనిషి ఇప్పుడు ఏ నోటితో ఆపుతుంది? సంచీ ఒళ్లో పెట్టుకుని, “పెట్టెలు ఎలా మారుస్తారక్కా?” అని అడిగింది.

“సాయంత్రం అన్నీ గూటికి చేరాక మూతలు బిగించి, చీకటి పడ్డాకే కదిలిస్తాం. పగలు కదిపితే, మేతకు వెళ్లినవి తిరిగొచ్చి ఇల్లు కనబడక అల్లాడిపోతాయి.”

“మరి పగలు బండి?”

“పగలు దానికేం పని? నీడన పడి ఉంటుంది.”

కోడలు సంచీలోంచి హాస్టళ్ల షరతుల కాగితం తీసి మూడుసార్లు చదివింది. బండి కాగితంమీద దుకాణం పేరు ఉండాలని ఉంది. ఇంకొకరి పేరు ఉండకూడదని ఎక్కడా లేదు. రెండు పేర్లతో రాయించుకోవచ్చునా అని అమ్మాయిని అడిగింది. రాయించుకోవచ్చు. ఖరీదు చెరి సగం పెట్టుకుందామనగానే తేనెటీగల ఆవిడ ఎగిరి గంతేసింది.

సాయంత్రం మామగారు వచ్చేసరికి కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. విషయం వినగానే ఆయన మొహం, దొంగతనం బయటపడ్డ మనిషి మొహంలా ఎర్రబడింది. ఒక్కసారి అమ్మాయివైపు చూసి, “కాఫీలో చక్కెర ఎక్కువ” అన్నారు. తరువాత కోడలివైపు తిరిగి, “అదేం కాదమ్మా, ఎవరో ఏదో చెప్పారు. నిజంగానే ఆ హెడ్‌లైట్లు నాకు పడవు” అన్నారు.

“పడకపోతే పోనివ్వండి మామయ్యగారూ. చీకటి పడ్డాక బండి అక్కది. పగలు గేట్లు మోసేవాళ్లకు హెడ్‌లైట్లతో పనేముంది?”

మామగారు బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. ఆరేళ్లలో మొదటిసారి ఆయనకు వంక దొరకలేదు.

“సంతకం ఎక్కడ పెట్టాలి తల్లీ?” అన్నారు చిన్నగా.

ఒకటో తేదీన మొదటి గేటు కొత్త బండిమీద హాస్టలుకు చేరింది. రాత్రి ప్రయాణంలో వెనకబడిన తేనెటీగ ఒకటి గేటు పైకమ్మీని పట్టుకుని కూర్చుంది. అది లేచి వెళ్లేదాకా గేటు దింపడానికి వీల్లేదని మామగారు పనివాళ్లను ఆపేశారు. పావుగంట గడిచింది. వార్డెన్ బయటికి వచ్చి, నలుగురు మనుషులు చేతులు కట్టుకుని గేటుచుట్టూ మౌనంగా నిలబడి ఉండటం చూసి కంగారుపడింది.

“ఏమైందండీ? ఆ ఈగ ఏమిటి?”

“కంగారుపడకండమ్మా” అన్నారు మామగారు తాపీగా. “బండితోపాటే ఇచ్చారు.”