ఆఖరి ఎర్ర ముక్క

హిందూపురంలో నాకు రంగుటద్దాల కిటికీలు చేయడం నేర్పిన మేస్త్రీ ఈ నెల మొదట్లో కన్నుమూశారు. ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాయన పోయినాడక్కా. నీ ఎర్రద్దం ఈడే ఉండాది. గోనెసంచిలో సుట్టిపెట్టినాడు," అంది. ఆ మాటకు నాకు ఇక ఏడుపు ఆగలేదు.

ఆయనది పటాలు కట్టే దుకాణం. వయసులో ఉండగా బెంగళూరులో చర్చి కిటికీలు బాగుచేసేవారట. నేను పెనుకొండలో పంతులమ్మను. యాభై దాటాక, ఏదో పటం కట్టించుకోవడానికి వెళ్లి, అటక మీద రంగుటద్దాలు చూసి, నేర్పమని పట్టుబట్టాను.

"చేతులు తెగుతాయమ్మా," అన్నారు.

"తెగనీండి," అన్నాను. నాకు మొండితనం కాస్త ఎక్కువే. అలా ఆదివారాలు బస్సెక్కడం మొదలైంది.

నెల రోజులు అద్దం కోసే కట్టర్‌తో పాత అద్దాల మీద ఉత్త గీతలే గీయించారు. గీత సరిగా పడలేదేమోనని నేను దాని మీదే మళ్లీ కట్టర్ లాగేదాన్ని. అద్దం పక్కకు పగిలేది. "గీత ఒకతూరే. కంటితో కాదు, చెవితో సూడు. సన్నగా గరగరమంటే పడినట్లే," అనేవారు.

మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. మొదటి కిటికీకి మా నాయన నేసిన చీర అంచునే గీసుకున్నాను. గీతకు గీత ఆనేటట్టు ముక్కలన్నీ కోసి, గర్వంగా పేర్చి చూపించాను. ముక్కల్ని కలిపే సీసం పట్టీలు మధ్యలో పెట్టేసరికి కిటికీ వేలెడు పెరిగి, చట్రంలో పట్టలేదు. మేస్త్రీ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "చీరలో రంగూ రంగూ ఆనుకోనుంటాయి తల్లీ. ఈడ నడుమ సీసానికి చోటియ్యల్ల." అన్ని అంచులూ నా చేతే అరగదీయించారు. తాను ఒక్క ముక్కా ముట్టుకోలేదు.

చివరికి నడిమి పువ్వుకు ఒక్క ఎర్ర ముక్క కోయడం మిగిలింది. అలాంటి అద్దం ఆయన దగ్గర అరచేయంతే ఉంది, ఎప్పుడో బెంగళూరు నుంచి తెచ్చుకున్నది. పాడైతే ఇంకొకటి లేదు. ప్రతి ఆదివారం చేతిలోకి తీసుకుని, భయపడి మళ్లీ పెట్టేసేదాన్ని. మీరే కోయండని బతిమాలాను.

"నేనెందుకు కోస్తా? కిటికీ నీది. నేను పోయినాక కోస్తావా ఏమి?" అన్నారు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది. ఆయన చూసి మెచ్చుకోవాలనే కదా అంత భయపడింది!

కర్మాంతరాలయ్యాక వెళ్లాను. కూతురు దుకాణం తెరిచి, గోనెసంచి విప్పి నా ముందు పెట్టింది. కట్టర్‌ను నూనెలో ముంచి, చెవి ఒగ్గి, లాగాను. గరగర వినిపించింది. మళ్లీ లాగుదామని చేయి ఉబలాటపడింది. ఆపుకున్నాను. కింది నుంచి మెల్లగా తట్టాను. అద్దం గీత వెంటే విడిపోయింది.

పట్టీలు బిగించి, టంకం పెట్టి, కిటికీని వాకిట్లో ఎండకు నిలబెట్టాం. నడిమి పువ్వు ఎరుపు లోపలికి వెళ్లి, ఆయన కూర్చునే ముక్కాలిపీట మీద పడింది. దారికి అడ్డమని కూతురు అలవాటుగా పీట పక్కకు జరపబోయింది.

"ఉండనీమ్మా," అన్నాను.

ఎండ పీట దిగేదాకా ఇద్దరం అడ్డం రాకుండా నిలబడ్డాం.