చచ్చిందన్న వాగు

అపుసేని కొండల్లో వాగులకు ఒక స్వభావం ఉంది. నల్లపలకరాతి మీద పారినంతసేపూ బుద్ధిగా వెలుతురులోనే పారుతాయి; తెల్లని సున్నపురాయి తగిలిందా, నోరు తెరిచిన గోతిలోకి దూకి మాయమవుతాయి. కొండ అవతల ఎక్కడో ఊటై లేస్తాయి. అలాంటి ఒక ఊట మీదే సవేత బతుకు. చెక్క కాలువలోంచి దూకే నీరు పెద్ద తొట్టిలో సుడి తిరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల ఉన్ని కంబళ్లన్నీ ఆ సుడిలో పడి, చిక్కబడి, తెల్లబడి లేస్తాయి.

పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆమె ఆ నీటి ముఖం చదువుతూనే ఉంది. ఇక్కడ ఎండ కాస్తున్నా ఊట మసకబారితే, అవతల నిన్న వాన పడిందని చెప్పగలదు. ఈ మధ్య మసకతో పాటు రంపపుపొట్టు వస్తోంది. కోసిన పూటకే నారింజెరుపు తిరిగే ఆనిన్ అనే చెట్టు చెక్కది. అవతలి వైపు ఆ చెక్క కోసే మిల్లు ఒక్కటే, నికోదిమ్‌ది. పొట్టును గోతిలో పారబోయడం అతనికి తేలిక.

అడిగితే, "మా వాగు మా గోతిలో చచ్చిపోతుంది. చచ్చినదాని మీద నీకేం హక్కే?" అన్నాడు. జిల్లా కార్యాలయమూ అదే పాట పాడింది: పటంలో నీలిగీత గోతి దగ్గరే ఆగిపోయింది కనుక ఫిర్యాదు చెల్లదట! కాగితం మీద గీత ఆగితే కొండ కడుపులో నీరు ఆగుతుందా? మురికి చేసినవాడు హాయిగా నిద్రపోవచ్చు. మురికి మోసే మనిషే రుజువులు కూడా మొయ్యాలి. ఇదెక్కడి న్యాయం?

అంతకన్నా పెద్ద సంకెల ఇంట్లోనే ఉంది. నికోదిమ్, అతని భార్య రఫీల, సవేత పెళ్లి దగ్గరుండి జరిపించిన ధర్మతల్లిదండ్రులు. అలాంటివారి చెయ్యి ముద్దాడతారే గాని, వారిని వేలెత్తి చూపరు. అందుకే సవేత కాలువకు పుల్లల జల్లెడ అడ్డం పెట్టి, తప్పించుకుని కంబళ్లకు అంటిన పొట్టును వేళ్లతో ఏరుతూ నోరు మూసుకుంది. "నీ కంబళి కప్పుకుంటే ముళ్లపంది పక్కన పడుకున్నట్టుంది" అని వెక్కిరించి, జనం ఒక్కొక్కరే పక్క లోయకు పోసాగారు.

ఈస్టర్‌కు ముందు రఫీల తెల్ల కంబళ్లు బండిలో వేసుకొచ్చింది.

"ఒసేయ్ సవేతా, పండక్కి మంచులా ఉండాలి."

"జల్లెడ సరిగ్గా పెట్టవే, ధర్మమ్మ కంబళ్లు," అని గొణిగాడు భర్త గవ్రిల.

సవేత జల్లెడ ఊడబెరికి గట్టున పడేసింది.

"ధర్మమ్మా, ఇక్కడే నిలబడి చూడండి. నీరు నా దగ్గరకి ఎలా వస్తోందో అలాగే వదులుతున్నా. వద్దంటే ఇప్పుడే చెప్పండి."

"నీళ్లు నీళ్లే కదే. కానియ్యి."

కంబళ్లు నాలుగు చుట్లు తిరిగేసరికి తెలుపు మీద ఎర్రపొట్టు దద్దుర్లలా లేచింది.

"అయ్యో నా ఉన్ని! ఏం కలిపావే?"

"నేనేం కలపలేదు. ధర్మయ్య పంపిందే."

రఫీల తొట్టిలోకి వంగి చూసి, "ఏరు. నేనూ ఏరతా," అని గట్టున చతికిలబడింది. ఒక కంబళిలో ఒక మూలైనా పూర్తి కాకముందే ఆమె వేళ్లు కందిపోయాయి.

"ఎప్పుడూ ఇంతేనా?"

"అక్కడ వాన పడిన ప్రతిసారీ."

రఫీల లేచింది. "ఇదొక్కటి ఇలాగే ఇయ్యి. ఆయన పక్క మీద పరుస్తా. నా మాట వినకపోయినా వీపు మాట వింటాడేమో."

"పరవండి. కానీ గోతిలో పొట్టు పడ్డన్నాళ్లూ మీ ఇంటి కంబళి ఈ తొట్టిలో దిగదు. నాకు పెళ్లి చేసిన చేతులు తెచ్చినా సరే."

క్షమాపణ చెప్పబోతూ గవ్రిల నోరు తెరిచాడు. అతని మాట బయటికి రాకముందే సవేత తొట్టిలోకి నీరు వదిలే కాలువ తూము మూసేసింది.