పన్నెండు వీడియో గేములు, ఒక ఇంటి ముచ్చట

1986 ఎండాకాలం మొదట్లో హనుమకొండలోని మా రేడియో, టీవీ దుకాణానికి హైదరాబాదు నుంచి ఒక పెద్ద అట్టపెట్టె వచ్చింది. అందులో పన్నెండు వీడియో గేములు ఉన్నాయి. అంతకుముందు పదేళ్ళు నేను రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి. టీవీలు అమ్మడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. అవీ నలుపు తెలుపువే. చెక్క తలుపులుండే ఆ టీవీని కొన్నవాళ్ళు దానికి పూలగుడ్డ కప్పి, సాయంత్రం కార్యక్రమాలు మొదలయ్యే వేళకు మాత్రమే తీసేవారు. పగలంతా అది మూగగా కూర్చునేది.

సరుకు పంపింది డిస్ట్రిబ్యూటర్, అంటే కంపెనీకీ మాలాంటి చిన్న దుకాణాలకూ నడుమ ఉండే వ్యాపారి. పెట్టెతోపాటు ఆయన గుమాస్తా కూడా వచ్చాడు.

"సదానందం గారూ, ఎండాకాలం అయ్యేలోపు ఈ పన్నెండూ అమ్మి చూపించండి. కలర్ టీవీ ఏజెన్సీ ఇక్కడ ఎవరికివ్వాలో అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు.

ఏజెన్సీ అంటే ఆ ఊళ్ళో ఆ కంపెనీ సరుకు అమ్మే హక్కు. దాని కోసం నాకంటే పెద్ద దుకాణాలవాళ్ళు ఎదురు చూస్తున్నారు. రేడియో రిపేర్లు నెలనెలకూ తగ్గిపోతున్న రోజులవి. అది రాకపోతే దుకాణం ఎన్నాళ్ళు నడుస్తుందో నాకే తెలియదు.

ఆట సంగతి చెప్పాలి. టిఫిన్ డబ్బా అంత నల్ల పెట్టె. దాన్నుంచి ఒక తీగ టీవీ యాంటెన్నా రంధ్రంలోకి పోతుంది. ఆడేవాళ్ళ చేతికి రెండు జాయ్‌స్టిక్‌లు, అంటే పిడికిట్లో పట్టుకుని అటూ ఇటూ వంచే పుల్లలు. పెట్టె నెత్తిన కార్ట్రిడ్జ్ అనే బిళ్ళ గుచ్చితే తెర మీద ఒక నది, దాంట్లో ఒక పడవ కనిపిస్తాయి. ఈ గట్టున ఉన్న బాతుపిల్లలను ఆ గట్టుకు చేర్చాలి. ఒకరి చేతిలో ఎడమ తెడ్డు, మరొకరి చేతిలో కుడి తెడ్డు. ఇద్దరూ ఒక్క తీరుగా వేయకపోతే పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. తుపాకులు లేవు, చంపడాలు లేవు. డబ్బా మీద ఏదో ఇంగ్లీషు పేరుండేది గాని, మా దగ్గర అందరూ పడవ ఆట అనే అన్నారు.

నేను డెమో టీవీని రోడ్డు వైపు తిప్పి పెట్టాను. డెమో అంటే కొనకముందు ఆడించి చూపడం. బడిపిల్లలు గుంపులు గుంపులుగా మూగారు. వాళ్ళు పోయి తండ్రులను పట్టుకొచ్చేవారు. ఆ తండ్రులు చేతులు వెనక్కి కట్టుకుని చూసేవారు.

"గిది వెట్టుకుంటె టీవీ ట్యూబు ఖరాబైతదంట గదా?" అని ఒకాయన.

"పొల్లగాండ్లు సదువు ఇడిశిపెట్టి గిదే వట్టుకుంటరు. మాకద్దు" అని ఇంకొకాయన.

నెల రోజుల్లో ఒకే ఒక్కటి అమ్మాను. సుబేదారిలో ఉండే ఒక ఆఫీసరు తీసుకుపోయాడు. నాలుగో రోజే తిరిగి తెచ్చి, "పరీక్షలు అయినంక జూద్దాం సదానందం" అని బల్ల మీద పెట్టిపోయాడు. పెట్టెలో మళ్ళీ పన్నెండే మిగిలాయి.

అట్లాంటి ఒక మధ్యాహ్నం, రోడ్డు మీద కుక్క కూడా తిరగని ఎండలో, అనసూయమ్మ దుకాణంలోకి వచ్చింది. నర్సంపేటలో వాళ్ళది కిరాణం కొట్టు. అరవై దాటిన మనిషి. పాత ట్రాన్సిస్టర్‌ను తోలు సంచీతో సహా తెచ్చి ఇచ్చి, నేను దాన్ని విప్పుతుంటే స్టూలు మీద కూర్చుంది. ఆమె చూపు టీవీ మీద పడింది.

"గదేంది బిడ్డా, సినిమానా?"

"కాదమ్మా, ఆట. మనమే ఆడాలె. గీ పుల్ల వంచితే తెడ్డు కదుల్తది."

"ఏదీ, ఇటియ్యి."

ఒక పుల్ల ఆమెకిచ్చి రెండోది నేను పట్టుకున్నాను. పడవ గిర్రున తిరిగింది. ఆమె చిన్నపిల్లలా నవ్వింది. "నువ్వు జర ఆగు. నేను ఆగినప్పుడు నువ్వాగాలె, నేను ఏసినప్పుడు నువ్వెయ్యాలె" అని నాకే నేర్పింది. కాసేపటికి మూడు బాతుపిల్లలు గట్టెక్కాయి.

"ఒక్కలే ఆడొచ్చునా?" అని అడిగింది.

అది ఆ ఆటలో లోపం అనుకుంటూ, నీళ్ళు నములుతూ చెప్పాను. "ఆడొచ్చమ్మా, కని మజా రాదు. ఇద్దరుండాలె."

"అయితే కట్టియ్యి" అంది.

మర్నాడు బిగించడానికి బస్సెక్కి నర్సంపేట వెళ్ళాను. కొట్టు వెనకే ఇల్లు. ఇద్దరు కొడుకులూ కొట్లో ఉన్నారు. ఇంట్లో అనసూయమ్మ, ఇద్దరు కోడళ్ళు. పెద్ద కోడలు శోభ మంచినీళ్ళు తెచ్చింది. చిన్న కోడలు విజయ వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను టీవీ దగ్గరకు వెళ్ళబోతుంటే శోభ గోడకేసి చూస్తూ, "ఆ గుడ్డ ఎవలన్న తీస్తె మంచిగుండు" అంది. విజయ వచ్చి గుడ్డ తీసి, శోభ వైపు చూడకుండానే మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళిపోయింది.

తర్వాత నేను అరుగు మీద తీగ సరిచేస్తుంటే అనసూయమ్మ వచ్చి మెల్లగా చెప్పింది. "ఏడాదాయె బిడ్డా, ఇద్దరికి మాటలు బందై. ఏదో పెండ్లిల ఒకామె ఒక మాటన్నది. ఎవలన్నరో ఎవలు పడ్డరో నాకే యాదికి లేదు. ఒక్క పొయ్యి మీద వండుతాన్రు, ఒకలి మొకం ఒకలు సూడరు."

ట్యూనింగ్ సరిచేసి, అంటే టీవీ మీది గుండీ తిప్పి బొమ్మను తేటగా తెచ్చి, పుల్లలు ఆమెకివ్వబోయాను. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. "నాకు చేతులు వణుకుతయ్. మీరిద్దరే ఆడుండ్రి, నేను సూస్త" అంది కోడళ్ళతో. నిన్న నా ముందు ఆ చేతులు ఇసుమంత కూడా వణకలేదు.

అత్త మాట కాదనలేక ఇద్దరూ చాప మీద ఎడంగా కూర్చున్నారు. పడవ తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. ఇద్దరికీ చెమటలు పట్టాయి. చివరికి విజయ ఉండబట్టలేక టీవీతోనే అన్నట్టు, "ఎడమకూ... ఎడమకంటాన!" అని అరిచింది.

"ఎవలి ఎడమకు?" అంది శోభ, ఆమే టీవీతోనే.

అనసూయమ్మ నా వైపు చూసి నోటి మీద వేలు పెట్టుకుంది.

పది రోజులకు ఆమె మళ్ళీ మా దుకాణానికి వచ్చింది. చేతిలో విరిగిన జాయ్‌స్టిక్. "మొగోళ్ళు కొట్టుకు పోయినంక, పనైనంక, ఇద్దరికి అదే పని. మాటలంటె పడవ మీది మాటలే అనుకో. గంతే చాలు" అంది. మధ్యాహ్నాలు చుట్టుపక్కల ఆడవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటున్నారట. ఇంకొకటి కావాలని ఆ వీధిలో ఎవరో అడిగారట.

నేను ఇన్నాళ్ళూ పిల్లలకు చూపి తండ్రులకు అమ్మజూశాను. పగలంతా ఖాళీగా ఉండే టీవీ ముందు పగలంతా ఇంట్లో ఉండే ఆడవాళ్ళు నాకు తట్టనేలేదు. ఆ రోజే డెమో టీవీని లోపలికి తిప్పాను. రెండు కుర్చీలు, ఒక ఫ్యాను పెట్టాను. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకని బోర్డు రాశాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ చెప్పాల్సిన పని లేదు.

మొదట వచ్చిన ఒక టీచరమ్మ కొనాలా వద్దా అని ఊగుతుంటే, నా నోటి నుంచి ఆ మాట జారింది. "నర్సంపేటల ఒక కిరాణం కొట్టోళ్ళు తీస్కపోయిన్రమ్మా. వాళ్ళింట్ల తోడికోడండ్లకు ఏడాది సంది మాటల్లేకుండె. గిది వెట్టినంక..." ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. కొనుక్కుపోయింది.

మర్నాడు ఇంకొకామెకు చెప్పాను. కొనేవాళ్ళ ముఖం చూస్తూ కథ పెంచాను. ఇల్లు రెండు ముక్కలు కాబోయిందన్నాను. ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్నారన్నాను. చెప్పిన ప్రతిసారీ పెట్టెలో ఒకటి తగ్గింది. ఆ వారం మూడు పోయాయి, తర్వాతి వారం నాలుగు, ఆ పై వారం మూడు. గుమాస్తా వచ్చి పెట్టెలో ఒక్కటే మిగలడం చూసి, "ఏం మంత్రం వేశారండీ?" అంటే ఆయనకూ అదే కథ చెప్పాను. కలర్ టీవీ ఏజెన్సీ మీకేనన్నాడు. ఆ రోజు ఇంటికి మిఠాయి పొట్లం పట్టుకుపోయాను.

ఆ ఆఖరిది ఇంకా పెట్టెలో ఉండగానే అనసూయమ్మ వచ్చింది. ఎప్పటిలా లోపలికి రాలేదు. మెట్టు కిందే నిలబడింది. చేతిలో గుడ్డసంచి.

"రాండ్రమ్మా, కూసోండ్రి" అన్నాను.

"మా ఇంటి ముచ్చట ఎందుకు అమ్ముకున్నవ్ బిడ్డా?" అంది.

రఘునాథపల్లిలో ఏదో పెళ్ళికి విజయ వెళ్ళిందట. పందిట్లో ఒకామె వీడియో గేమ్ సంగతి ఎత్తి, నర్సంపేట తోడికోడళ్ళు జుట్లు పట్టుకున్న ముచ్చట చెప్పిందట. పక్కనున్నవాళ్ళెవరో ఆ ఇల్లు ఏదో పోల్చుకుని, ఈ పిల్ల వాళ్ళ కోడలే కదా అన్నారట. పందిరంతా నవ్విందట. ఆ మాట శోభే బయటపెట్టిందని విజయ నమ్మింది. ఇంటికొచ్చి సంచి సర్దుకుని, వేరుపడితే తప్ప ఉండనని కూర్చుంది.

"పడవ మీది మాటలు గూడ బందైనయ్. గిది మా ఇంట్ల ఉండద్దు" అని సంచి మెట్టు మీద పెట్టింది.

"నేనొస్తమ్మా. ఇద్దరి ముందట చెప్త, చెప్పింది నేనేనని."

ఆమె బస్టాండు వైపు నడిచింది.

మర్నాడు బస్సులో కూర్చున్నంతసేపూ తప్పించుకునే దారులే వెతికాను. గుమాస్తా మీదికి తోయవచ్చు. ఎవరో విన్నదానికి ఎవరో కల్పించారనవచ్చు. ఆ ఇంటి గుమ్మం దాకా ఏదీ తేలలేదు. లోపల శోభ ఒక గోడకు, విజయ ఇంకో గోడకు ఆనుకుని నిలబడ్డారు. నడుమ అనసూయమ్మ కూర్చుంది.

"బయట చెప్పింది శోభక్క కాదు. నేను" అన్నాను. "అమ్మ నాకు ఒక్క మాట చెప్పింది. దాన్ని నేను బజార్ల పెట్టిన, ఆట అమ్ముకునేటందుకు. జుట్లు పట్టుకున్నరన్నది నేనే కల్పించిన."

ముందు శోభ అందుకుంది. "మేము జుట్లు పట్టుకున్నమా? నువ్వొచ్చి జూసినవా?"

"లేదక్కా."

"మీ ఇంటి ఆడోళ్ళ ముచ్చట గూడ గిట్లనే గిరాకులకు చెప్తవా అన్నా?" అంది విజయ. ఒక్కసారిగా శోభ వైపు తిరిగింది. "అడుగక్కా, ఎంతమందికి చెప్పిండో అడుగు!"

"నువ్వాగు విజయా, నేనడుగుత" అంది శోభ, ఒక అడుగు ఆమె వైపు వేసి.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి నన్ను కడిగిన తీరు నా జన్మలో మరిచిపోను. ఒకరు ఆగినచోట ఇంకొకరు అందుకున్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. అనసూయమ్మ ఎప్పుడో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియదు. ఎవరూ కూర్చోమనలేదు. కూర్చునే ముఖం నాకూ లేదు.

తిరిగొచ్చాక, కొన్నవాళ్ళలో మళ్ళీ దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ జుట్ల మాట అబద్ధమని చెప్పాను. గుమాస్తాకు చెబితే, "సేల్స్ అంటే ఇంతే కదండీ" అని నవ్వాడు. ఏజెన్సీ మాకే వచ్చింది. వద్దని నేనూ అనలేదు. ఆ తర్వాత మా దుకాణం ఎంత పెరిగినా, మొదటి మెట్టు అట్లా ఎక్కానన్నది నాకు తెలుసు. నర్సంపేట వాళ్ళు ఏడాదికి వేరే పొయ్యిలు పెట్టుకున్నారు. పిల్లలు పెరిగి ఇల్లు చాలకనే గాని కొట్లాడుకుని కాదని అనసూయమ్మ కబురు పంపింది. ఆమె మెట్టు మీద పెట్టిపోయిన ఆట సంచి తీసుకుపోవడానికి మాత్రం ఎవరూ రాలేదు.

టీవీ మెకానిక్‌ను జనం నట్టింటి దాకా రానిస్తారు. అక్కడ విన్నది, చూసింది ఆ ఇంటివాళ్ళది. అది పనిముట్ల సంచిలో వేసుకొచ్చే సామాను కాదు. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ తీగలకు టంకం పెట్టడం కంటే ముందు ఈ మాటే చెప్పాను.

అనసూయమ్మ ఇప్పుడు లేదు. ఇది రాసే ముందు నర్సంపేట వెళ్ళి వాళ్ళిద్దరినీ అడిగాను. ఇప్పుడు వాళ్ళూ అత్తలే. పేర్లు మార్చి రాస్తానంటే ఒప్పుకున్నారు.

"జుట్ల ముచ్చట రాయకు" అంది శోభ.

"రాయనియ్యక్కా" అంది విజయ. "కని అది అబద్ధమని గూడ రాయాలె."

అది అబద్ధం.