దాచమంటే దాచింది

ఒకే ఒక్క తెలుగు మాటతో రెండు ఊళ్ల మధ్య ఆంజనేయస్వామి కోసం తగువు పెట్టిన మనిషిని మీరు చూసి ఉండరు. చూడాలనుకుంటే నంద్యాలకు రండి, ఎవరినడిగినా నన్నే చూపిస్తారు. కర్ర పట్టుకుని మాత్రం రాకండి. ఆ తగువు అప్పుడే తీరిపోయింది.

అప్పట్లో నేను చిన్న వ్యాపారుల కోసం ఆర్డర్లు రాసుకునే ప్రోగ్రాం ఒకటి చేశాను. దాన్ని ఎలా వాడాలో చెప్పే వెబ్‌సైటు కూడా పెట్టాను. ప్రోగ్రాం చిన్నదే, వెబ్‌సైటు మాత్రం తలకన్నా తలపాగా పెద్దదన్నట్టు తయారైంది. అందులో ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా కనబడకూడదని నా పంతం. 'సేవ్' అని రాయడానికి చెయ్యి రాలేదు. "వివరాలు రాశాక 'సరే' నొక్కి దాచండి" అని రాసి, నా తెలుగుకు నేనే మురిసిపోయాను.

ఇక్కడొక తిరకాసుంది. ప్రోగ్రాంలో 'సరే' పక్కనే 'దాచు' అని ఇంకో బటన్ ఉంది. సరుకు ఇచ్చేశాక ఆ ఆర్డరు తెర మీద కనబడకుండా చేయడానికి పెట్టాను. అంటే వెబ్‌సైటులో దాచడమంటే జాగ్రత్త చేయడం, ప్రోగ్రాంలో దాచడమంటే కనబడకుండా చేయడం. మీకీ తేడా ఇట్టే తెలిసిపోయింది కదా? నాకు తెలియడానికి ఆళ్లగడ్డ దాకా పోవలసి వచ్చింది.

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కించే సుభద్రక్క నా మొదటి గిరాకీ. ఏ విగ్రహం ఏ ఊరిదో ఆమె మనుషులు రాతి మీదే సుద్దముక్కతో రాసి పెట్టేవాళ్లు. "ఈ కాలంలో సుద్దముక్క ఏంటక్కా!" అని ఆ అలవాటు మాన్పించిన మహానుభావుణ్ణీ నేనే.

ఒక పొద్దున ఆమె ఫోన్ చేసింది.

"ఏమప్పా, మా ఆర్డర్లు యాడికి పోయినాయి?"

"దాచలేదా అక్కా?"

"దాచినా!"

"దాచి ఉంటే ఉంటాయి."

"దాచినా గనకనే కనపళ్ళేదప్పా! నువ్వు రాసినట్టే ఒక్కోటీ దాచినా. దాచిందల్లా మాయమయితాంది. ఏందప్పా ఇది, కంప్యూటరా, కనికట్టా?"

"నువ్వు సరిగ్గా దాచి ఉండవు. ఇంకోసారి దాచు."

అవును, ఆ మాటా నేనే అన్నాను. మిగిలిన ఆర్డర్లు కూడా దాచేసింది పాపం.

"ఉన్నవీ పాయె! ఇంగ విను. సంజామలోళ్లు ఆంజనేయస్వామి కావాలని వచ్చిరి. కంప్యూటర్లో ఎవురి పేరూ లేదు గదా అని తయారుగా ఉండే స్వామిని ఇచ్చేస్తి. ట్రాక్టరుకు ఎక్కిస్తాండారు. ఇప్పుడేమో పాములపాడోళ్లు ఫోన్ చేసి, మా స్వామి కోసం వస్తాండామంటారు. రేపే వాళ్లకు ప్రతిష్ఠ. వాళ్లకేం జెప్పాలప్పా?"

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను తెలుగుకు సేవ చేయబోయి హనుమంతుడికే ఎసరు పెట్టాను. దొరికిన బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగేసరికి రెండు ఊళ్ల వాళ్లూ ట్రాక్టరు చుట్టూ ఉన్నారు.

"ముందు మేం ఎక్కిచ్చుకున్యాం!" అంటున్నాడు సంజామల పెద్దాయన.

"ముందు మేం జెప్పినాం!" అంటున్నాడు పాములపాడు పెద్దాయన.

"చెప్పినట్టు యాడుంది?"

అందరూ కంప్యూటరు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. తెర మీద 'సరే' పక్కనున్న 'దాచు' కనబడ్డాక గానీ నేను రాసిందేమిటో నాకు వెలగలేదు. 'దాచినవి చూపు' నొక్కాను. ఆర్డర్లన్నీ బిలబిలా బయటికొచ్చాయి. వాటిలో పాములపాడు ఆంజనేయుడు నిక్షేపంగా ఉన్నాడు.

"ఇంతకీ తప్పెవురిది?" అన్నాడు పాములపాడు పెద్దాయన.

నేను అందుబాటులో ఉన్న పెద్ద నంది వెనక్కి జరిగాను. సుభద్రక్క నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"నాదేన్నా. నొక్కగూడనిది నొక్కినా," అంది. సంజామల పెద్దాయన వైపు తిరిగి, "అన్నా, మీరింకా ముహూర్తమే పెట్టుకోలేదు గదా. ఇంతకంటే బాగా చెక్కిచ్చి పంపుతా. ఈ స్వామిని దింపండి," అని బతిమాలింది.

ఆయన గొణిగాడు, విగ్రహం చుట్టూ తిరిగాడు. చివరికి "మాకూ ఇదే మొగం రావాల," అని దింపించాడు.

ఆ రోజు ఆమె నా పేరు చెప్పి ఉంటే నేనూ నా ప్రోగ్రామూ కలిసి కుందూ నదిలో తేలేవాళ్లం. అంత మందిలో నా తప్పును తన మీద వేసుకుంది. పైగా కూర్చోబెట్టి జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి పెట్టింది. తిట్లు తిన్నా అరిగేవేమో గానీ, ఆ రొట్టె మాత్రం గొంతు దిగడానికి చాలా సేపు పట్టింది.

తిన్నాక ఫోనులోనే వెబ్‌సైటు తెరిచి, 'దాచండి' తీసేసి 'సేవ్ చేయండి' అని రాశాను. సిగ్గుపడుతూ ఆమెకు చూపించాను.

"ఏమనుకోకక్కా, ఇంగ్లీషు పెట్టేశాను."

ఆమె చదివి నా ముఖంలోకి వింతగా చూసింది.

"ఇంగ్లీషు యాడుందప్పా? ఇప్పుడు గదా నువ్వు తెలుగులో రాసింది!"

అప్పుడే పాములపాడు బండి కదులుతోంది. అందులో నిలబడ్డ స్వామికి చేతులు జోడించి ప్రమాణం చేశాను. ఇకమీదట తెలుగులో ఏ మాట రాయాలన్నా, దాన్ని తెలుగులో ఏమంటారో ముందు ఆళ్లగడ్డకు ఫోన్ చేసి కనుక్కుని గానీ రాయను.