కోడలు పలకలేని పేరు

మా కోడలు సత్యకుమారికి నోరెక్కువని పెదబయలు సంతలో కూడా చెప్పుకుంటారు. నోరెక్కువ నాకు. దానికి ఉన్నది ధైర్యం. ఆ ధైర్యం ఎక్కడ విరిగిందో రాస్తాను.

కాపురానికి వచ్చేనాటికి ఇంటర్ తప్పి ఉంది. మా ముసలాయన ఊరుకోలేదు. "ఇంకోపాలి రాయే గుంటా, కొండెక్కినోడు సగంలో కూకుంటాడేటి?" అని వెంటపడి చదివించాడు. విశాఖపట్నంలో కంప్యూటరు నేర్చుకుంది. ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు ఇస్తే, బస్సు ఆగినచోటు నుంచి మా ఊరికి కావిడిలో మోసుకొచ్చిందీ ఆయనే.

"దీనికి మేతేటే?" అని అడిగాడు దించుతూ.

"కరెంటు, మావా."

"మరైతే మనింట్లో దీనికి పూట మార్చి పూట పస్తే."

ఆ నవ్వు ఎక్కువకాలం లేదు. రెండువేల అయిదు వానల్లో మన్యం జ్వరం ఆయన్ని పట్టుకుపోయింది.

ఆ తర్వాతే సత్యకుమారి పిల్లల్ని పోగేసింది. తాళం వెయ్యని ప్రోగ్రాములట, అవి నేర్పడానికి. ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఊరికే ఇవ్వొచ్చు. మేము విత్తనం సామలు ఇచ్చిపుచ్చుకోమా, అలాగే. కొండ గుంటలు, గుంటళ్లు, ఆడా మగా అందరూ సంత నాడు మా అరుగు మీదే కూడేవారు. అరకులో బట్టల కొట్టువాళ్ల కిరణ్ కూడా వచ్చేవాడు. మైదానం వాడైనా మర్యాదస్తుడే.

విశాఖలో ఇలాంటి గుంపులన్నిటికీ పెద్ద సభ పెట్టారు. మీ గుంపుకు పేరు పెట్టుకుని రండి అని కబురు వచ్చింది. అరకు పేరు పెడదామని ఒకడంటే, మరి పెదబయలేం పాపం చేసిందని ఇంకొకడు. కిరణ్ ఏదో ఇంగ్లీషు పేరన్నాడు. అరుపులు, అలకలు.

"బిడ్డకెలా పెడతామో అలాగే పెడదాం. దిసారిని పిలవండి," అంది సత్యకుమారి.

దిసారి మాకు మంచిచెడ్డలు చూసే పెద్ద. పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే పలుకుతూ నీళ్ల గిన్నెలో బియ్యపు గింజ వదులుతాడు. ఎవరి పేరుకు గింజ తేలితే ఆ పెద్ద తిరిగి వచ్చినట్టు, బిడ్డకు ఆ పేరే. పిల్లలు తలా ఒక తాత పేరు చెప్పారు. మా అబ్బాయి గాసి వాళ్ల నాన్న పేరు చెప్పాడు. ఆ గింజే తేలింది.

బుధు.

పిల్లలు గంతులేశారు. సత్యకుమారి గిన్నె పట్టుకుని ఏడ్చింది. ఆ సంబరంలో ఒక్కరికీ తట్టలేదు. మాలో కోడలు మావ పేరు పలకదు, పెళ్లాం మొగుడి పేరు పలకదు. పలకడమంటే ఆయన నెత్తిన కాలు పెట్టడమే. రాయడానికి అడ్డు లేదు, అందుకే నేనూ ఇక్కడ రాయగలిగాను. మా పెద్దలకు రాత తెలియదు కనక దానికి కట్టుబాటు పెట్టలేదు.

సభకు నేనూ వెళ్లాను, మా ఆయన పేరు కదా. గాసి కాఫీ తోట పని వదిలి రాలేకపోయాడు. వేదిక మీద ఒకాయన మైకు అందించి, "మీ గ్రూపు పేరు చెప్పండమ్మా," అన్నాడు.

సత్యకుమారి నోరు తెరిచింది. మూసింది. తన చేత్తో రాసిన బేనరు చూపించింది.

"చదివి వినిపించండి. భయపడకండి!"

జనం నవ్వారు. కలెక్టరాఫీసులో బల్ల గుద్ది మాట్లాడిన మనిషి, ఆ బేనరుకేసే వేలు చూపుతూ నిలబడింది. కావిడి మోసినవాడి నెత్తిన కాలెలా పెడుతుంది? నావైపు చూసింది. నేనేం చెయ్యను, నాదీ అదే నోరు.

"అక్కా, ఇలా ఇయ్యి," అంటూ కిరణ్ మైకు తీసుకున్నాడు. "మా గ్రూపు పేరు బుధు!" చప్పట్లు మోగాయి. తర్వాత అడిగినవన్నీ అతణ్నే అడిగారు. పేపర్లో అతని బొమ్మే పడింది, గుంపు పెట్టినవాడని. అతను అలా చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

అరకులో కిరణ్ వాళ్ల కొట్టు మేడ మీద కరెంటు పోదని పిల్లలు అక్కడికి మారారు. సంత నాడు మా అరుగు ముందునుంచే, "బుధుకి ఎల్తన్నాం అక్కా, బేగి రా!" అని కేకేసి జీపెక్కేవారు. మొదట్లో వెళ్లింది. అక్కడ ఎవరు ఫోను ఎత్తినా ముందు ఆ పేరు చెప్పాలి. మా కోడలు ఎత్తలేదు. మాట్లాడేవాళ్లు మాట్లాడారు, ఇది టీ గ్లాసులు అందించింది. తర్వాత మానేసింది.

ఇప్పుడు పసుపు చేలో పని చేస్తుంది. కంప్యూటరు మీద మా ముసలాయన దుప్పటి కప్పి ఉంది.

మొన్న చేలోంచి వచ్చి అడిగింది: "అత్తా, ఆ పేరు నువ్వొక్కపాలి అనవా? మనింట్లో ఇనాలనుంది."

పొయ్యిలోకి ఇంకో పుల్ల తోశాను.